చిన్నకథయందు మితభాషణము

ఈ కాలపు కథలను చదువు గృహస్థులును గృహిణులును తఱచుగా చేయు ఆక్షేపణ యొకటి కలదు. "కథకుడు ఊరెట్టిదో వర్ణింపలేదు, మనుష్యులెట్టివారో తెలుపలేదు, తుదకు నీతి యేదో విడమరచి చెప్పలేదు. ఇట్టి కథవలన ప్రయోజనమేమి?" అని వారందురు. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. సంఘమునందలి దురాచారములు తొలగవలెనని కోరువారు పుస్తకమునుండి ఉపదేశమును ఆశించుట సహజమే. అయితే ఉపదేశమును విప్పి చెప్పిన కథ మనస్సునందు ఎక్కువగా నాటునా, చెప్పక విడిచిన కథ ఎక్కువగా నాటునా యనునది విచారింపవలసిన విషయము. మన భాషలోని ఒకటిరెండు కథలను ముందుంచుకొని ఆ విచారణ చేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మితభాషణమన నేమో నిర్ణయించుకొందము. కురచదనము వేఱు, మితత్వము వేఱు. రెండు పుటల కథయందును వాచాలత్వ ముండవచ్చును. నలువది పుటల కథయందును మితత్వ ముండవచ్చును. చెప్పిన మాటలబట్టి చదువరి తనంతట తాను గ్రహింపగలిగినదానిని కథకుడు మరల చెప్పకుండుటయే మితత్వము. చదువరికి ఏ ఆధారమును ఇయ్యక ఊరకుండుట మితత్వము కాదు, లోపము. ఈ భేదమును పాటింపనివారు అర్థముకాని కథలను గొప్ప కథలనియు, అర్థమైన కథలను తక్కువ కథలనియు లెక్కింతురు.

ఈ గుణము మనకు పడమటి దేశములనుండి దిగుమతియైనదని కొందరి అభిప్రాయము. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమునందు ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకము'ను రచించి, మాటలు నేరుగా తెలుపు అర్థముకంటె వానివలన స్ఫురించు అర్థమే కావ్యమునకు ప్రాణమని స్థాపించెను. స్త్రీయొక్క లావణ్యము ఆమె అవయవములలో ఏ ఒక్కదానియందును ఉండక, వానినన్నిటిని మించి భాసించునట్లు వ్యంగ్యార్థము భాసించునని ఆతడు చూపెను. పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'యందు దేని చోట అది యుండుటయే కావ్యమునకు జీవమని నిరూపించెను. హారమెంత విలువగలదైనను నడుమునకు కట్టినచో నగుబాటే గదా! కావున సంక్షిప్తతను మెచ్చుకొనుటకు మన కావశ్యకమైన శాస్త్రము మన యింటనే యున్నది.

శాస్త్రముండెను గాని, వచనము ఆ మార్గమున నడచుటకు కాలము పట్టెను. చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వెలువడినది. వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖరచరిత్రము' 1878 నాటిది. అది ధవళగిరియొక్కయు గోదావరియొక్కయు వర్ణనముతో ఆరంభమగును. ఇది నిందింపదగినది కాదు. తెలుగు వచనము కావ్యముతోడి పాటిగా నిలువగలదని చూపవలసిన కాలమది. వర్ణనము ఆనాడు వచనమునకు పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన తరువాతనే వచనము కొంత భారమును దించుకొని నడచుటకు సాహసించినది.

ఆ భారము దిగుట ఎట్లు జరిగెనో రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచినచో తెలియును. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి' పత్రికయందు ప్రకటింపబడినది. దారిద్ర్యముచేత పరధనమునకు ఆశపడిన భర్తకు భార్య ధర్మమును బోధించి, ఆ ధనమును తిరిగి యిప్పించుట దాని యితివృత్తము. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'యందు వచ్చినది. దానియందును భార్యయే భర్తను దిద్దును. ఇతివృత్తముల జాతి యొకటియే, రీతులు వేఱు. మొదటి కథలో భార్య నోట ధర్మము పలుకును. రెండవదానిలో భార్య, కథ దాదాపు ముగియువఱకు, రంగముమీదికే రాదు. బోధచేయు ఇల్లాలిని వ్రాసిన అచ్చమాంబగారి ధైర్యము సామాన్యమైనది కాదు. స్త్రీకి నోరున్నదనుటయే ఆనాడు సంస్కారము. గురజాడవారు ఆ తరువాతి మెట్టు ఎక్కిరి.

'దిద్దుబాటు' కథ పాఠకులు పెక్కుమంది యెఱిగినదే యైనను క్లుప్తముగా జ్ఞాపకము చేయుదును. గోపాలరావను విద్యాధికుడు అర్ధరాత్రము దాటి యిల్లు చేరి తలుపు తట్టును. లోపలినుండి బదులు లేదు. చేయి వేయగానే తలుపు తెరచుకొనును. భార్య కమలిని పడకమీద లేదు. నౌకరు రాముని లేపి యడిగిన వానికేమియు తెలియదు. కోపము పట్టలేక యజమానుడు వానిని గ్రుద్దును, వెంటనే జాలిపడును. బల్లమీద భార్య వ్రాసిన జాబు కనబడును. తాను పుట్టింటికి పోవుచున్నానని యందున్నది. గోపాలరావు పశ్చాత్తాపపడి, ఉదయమే పోయి ఆమెను బ్రతిమాలి తీసికొనిరమ్మని రామునికి చెప్పును. అంతలో మంచము క్రిందనుండి ఆమె నవ్వును గాజుల చప్పుడును వినవచ్చును. అంతటితో కథ ముగియును.

ఇందలి స్థలమును పరిశీలింపుడు. ఒక రాత్రి, ఒక యిల్లు. ఊరి పేరును, వీధి వర్ణనమును, ఇంటి వైభవమును ఏమియు లేవు. ఉన్నవి నాలుగు వస్తువులు: తలుపు, పడక, బల్ల, జాబు. వీనిలో ఏదియు అలంకారమునకై పెట్టినది కాదు. గడియ వేయని తలుపు ఇంటి యజమానికి మొదటి హెచ్చరిక. ఒట్టి పడక రెండవది. బల్లమీది జాబు మూడవది. చివరకు, కథారంభమున ఒట్టిదని మనము చూచిన మంచమే ఆమెకు దాగుచోటు. ఇంటివాడు చూడవలసినచోట చూడలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఆతడు చేసిన అపరాధమును కథకుడు వేఱుగా విమర్శింపనక్కఱలేదు. ఆతడు మంచము క్రింద చూడలేదు. భార్య మనస్సునందును చూడలేదు. మొదటిది మనకు కనబడును, రెండవది మనము ఊహింతుము.

పాత్రలను మలచిన విధమును ఇట్టిదే. గోపాలరావు రూపమెట్టిదో, ఆతని యుద్యోగమేదో మనకు తెలియదు. భోగమువారి మేజువాణీలకు విరోధియైన తాను పోయి ఒక సాని పాటయందు లీనుడైతినే యని ఆతడు తన్ను తాను తిట్టుకొనును. ఆ యొక్క తలపుచేత ఆతని చరిత్రయంతయు తెలిసిపోవును. 1890 ప్రాంతమునుండి చెన్నపట్టణపు రాజధానిలో సంస్కర్తలు మేజువాణీలకు పోరాదని ప్రతిజ్ఞలు చేయుచుండిరి. అట్టి ప్రతిజ్ఞ చేసినవాడొకడు పగలు సభలోను రాత్రి సానియింటను ఉండుట ఈ కథకు బీజము. కథకుడు సభను చూపలేదు, సానియింటిని చూపలేదు. ఇంటికి తిరిగివచ్చిన మనిషిని మాత్రమే చూపెను. సభలోని మాటలకును రాత్రి నడవడికిని లెక్క తేలవలసినచోటు ఇల్లే కావున, కథ ఇంటిలోనే యుండవలెను.

కమలిని జాబుయొక్క నేర్పు ఇంకను గొప్పది. ఆమె నిందింపదు, ఏడువదు. భర్త రాత్రులయందు సంఘముయొక్క మేలుకై సభలకు పోవుచున్నాడని తాను నమ్మితిననియు, ఇపుడు నిజము తెలిసినదనియు, తాను ఇంట నుండుటచేతనే గదా ఆయనకు దినదినము అబద్ధమాడవలసి వచ్చుచున్నదనియు, భర్త మేలు కోరు భార్య ఆ యిబ్బందిని తొలగించుటయే ధర్మమనియు వ్రాయును. పతివ్రతాధర్మమును బోధించువారి వాదమునే ఆమె చేతబట్టి భర్తకు అప్పగించినది. ఒక్క కఠినమైన మాటయు లేదు. చదువు నేర్చిన భార్య చేయగల పని యేదో ఆ జాబే మనకు చూపును. స్త్రీవిద్యవలని లాభములను గూర్చి వ్రాసిన దీర్ఘోపన్యాసము అంత పనిని చేయజాలదు.

ఉపన్యాసము ఈ కథలో లేదని కాదు, కలదు. ఆడవారు చదువుకొనుటవలననే యిట్లగునన్నట్లు రాముడు పలుకగా, గోపాలరావు వానిని మూర్ఖుడని మందలించి, శివుడు పార్వతికి సగము దేహమిచ్చినాడనియు, ఇంగ్లీషువారును భార్యను తమలో మేలైన సగమందురనియు చెప్పును. కథయందలి సంస్కరణోపదేశమంతయు ఇదియే. ఇందులో తప్పు మాట యొకటియు లేదు. కాని దానిని ఎవరి నోట పెట్టిరి? భార్యకు అబద్ధములు చెప్పి రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరినవాని నోట! విన్నవాడెవరు? కొంతసేపటి క్రిందట ఆతని చేతి గ్రుద్దు తిన్న నౌకరు. "సంస్కర్తలు మాట యొకటి, నడవడి యొకటిగా నుందురు" అని కథకుడు ఎక్కడను అనలేదు. ఆ వాక్యము మనలో పుట్టును. మనలో పుట్టినది గనుక మనకు తగులును. సభలలో మాటలాడు అలవాటుగల మావంటివారు ఈ పుటను చదివి నవ్వుదురు. నవ్వినపిమ్మట కొంచెముసేపు మౌనము వహింతురు. మితభాషణముయొక్క ఫలితము ఆ మౌనము.

ఇంతవఱకు ప్రశంస. ఇపుడు చిక్కైన ప్రశ్న యొకటి వచ్చును. కథకుడు విడిచినదంతయు వివేకముచేతనే విడిచెనా? ఆ రాత్రి పాడిన ఆమె ఎవరు? ఆమె పేరు, బ్రతుకు, మాట ఏదియు కథలో లేదు. భర్త దిద్దుకొనును, భార్య నవ్వును. పాడిన స్త్రీ ఏమగునో ఎవ్వరును అడుగరు. కమలినియు కథయందు చాలసేపు కానరాదు గాని, ఆమె జాబుగా, ఒట్టి పడకగా, తుదకు గాజుల చప్పుడుగా మరల వచ్చును. పాడిన స్త్రీ మరల రాదు. విడిచినది ఉన్నదానియందు మారుమ్రోగినచో అది మితత్వము. మారుమ్రోగనిచో అది మఱపు. ఈ పరీక్షకు పెట్టినచో 'దిద్దుబాటు'యందు మితత్వమును కలదు, కొంత మఱపును కలదు.

అప్పారావుగారికి ఆ స్త్రీల యెడ సానుభూతి లేదని దీనివలన తలంపరాదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి 1909లో విస్తరించి అచ్చుపడిన 'కన్యాశుల్కము'నందు మధురవాణిని సృష్టించి, ఆమెకు ఆ నాటకములో నెవ్వరికిని లేని వివేకమును వాక్చాతుర్యమును ఇచ్చినవాడు ఆయనయే. నాటకమునందు చోటు చాలగలదు, చిన్నకథయందు చాలదు. కాని మేజువాణీ వ్యతిరేకోద్యమమునందును సరిగా ఇదే జరిగినదని మనము మఱవరాదు. మేజువాణీలకు పోవుట మానిన పురుషుని గౌరవము పెరిగినది; జీవనాధారము పోయినవారి సంగతి విచారించినవారు కొలదిమంది. చిన్నకథయొక్క ఇఱుకు గది ఆ ఉద్యమముయొక్క ఇఱుకుదనమును గూడ తెలియకయే చూపినది. రామునికి తగిలిన గ్రుద్దును అట్టిదే. అది హాస్యములో కలిసిపోయినది. భార్యకు చేసిన అపరాధమునకు దిద్దుబాటు కలిగెను, నౌకరునకు చేసిన దానికి జాలి మాత్రమే కలిగెను. నేటి చదువరి ఆ గ్రుద్దువద్ద ఆగవలెను.

ఈ విధముగా మఱుగుపడినవారినే నడుమకు తెచ్చి, అంతకంటెను తక్కువగా మాటలాడిన కథకుడు విజయనగరపు చాసో. చాగంటి సోమయాజులుగారు (1915-1994) వ్రాసిన 'ఎంపు' కథయందు పాత్రలు బిచ్చగాండ్రు. కూతురు కుంటివానిని వరించినది. తండ్రి గ్రుడ్డివానిని చేసికొమ్మనును. గ్రుడ్డివానికి భిక్షము ఎక్కువ దొరకునని ఆతని లెక్క. సంపన్న గృహములలో వరుని జీతమును, పొలమును, ఇంటిని ఎట్లు తూచెదరో ఆ తండ్రియు అట్లే తూచుచున్నాడు. "అయ్యో పాప" మని కథకుడు ఒక్కసారియైన అనడు. అన్నచో మనము జాలిపడి తేలికపడియుందుము. అనలేదు గనుక ఆ తండ్రి తూచిన త్రాసు మన యింటి పెండ్లిచూపుల నాటి త్రాసేయని తోచును. ఇచ్చట స్థలవర్ణనము లేకుండుటకు గూడ కారణమున్నది. మురికిని, చినిగిన గుడ్డలను వర్ణించినచో చదువరి దూరముగా నిలిచి చూచును. బేరపు మాటను వినిపించినచో దగ్గఱకు వచ్చును.

విదేశములందును ఈ మార్గమున నడచినవారు కలరు. అమెరికా కథకుడు ఎర్నెస్టు హెమింగ్వే 1932లో వెలువడిన తన పుస్తకమున, నీటిపై తేలు మంచుకొండయొక్క ఎనిమిదవ పాలు మాత్రమే పైకి కనబడునట్లు కథ యుండవలెనని వ్రాసెను. ఆతని 1927 నాటి కథ 'హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్'నందు స్పెయిను దేశపు ఎబ్రో లోయలో ఒక రైలుస్టేషనువద్ద పురుషుడొకడును యువతి యొకతెయు బండికై వేచియుందురు. గర్భవిచ్ఛిత్తిని గూర్చియే వారి సంభాషణ. ఆ మాట మాత్రము కథయందెచ్చటను రాదు. రెండు వైపుల పట్టాలు, ఒకవైపు పైరు, ఒకవైపు ఎండిన నేల. ఆమె ముందున్న రెండు మార్గములను ఆ స్థలమే తెలుపును. హెమింగ్వే చెప్పిన మాటలో ఒక షరతు కలదు; దానిని మనవారు తఱచుగా విడిచెదరు. తనకు బాగుగా తెలిసినదానిని విడిచిన రచయితకే ఆ బలము లభించును. తెలియనందున విడిచినవాని రచనలో గుంటలు మిగులును.

ఇక మన చిత్తూరు సీమకు వత్తము. 1911లో ఉత్తరార్కాటునుండియు కడపనుండియు తాలూకాలను కలిపి ఏర్పఱచిన జిల్లా ఇది. 2022 ఏప్రిలు 4వ తేదీన తిరుపతి వేఱొక జిల్లా అయినది. అరవమునకును కన్నడమునకును పొరుగున నుండుటచేత ఇచ్చటి తెలుగునకు ఒక ప్రత్యేకమైన యాస కలదు. కథకునకు ఇది గొప్ప సాధనము. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' చదివినవారికి ఇది విశదమే. ఆయన పాత్రల సంభాషణను మాత్రమే కాక కథనమును గూడ ఇచ్చటి పల్లె పలుకులోనే నడపెను. తత్ఫలితముగా స్థలవర్ణనము వేఱుగా అవసరము లేకపోయినది. పిల్లవాడొకడు తన తల్లిని గూర్చి నోరు విప్పగానే పల్లెయంతయు వినవచ్చును. తల్లి కష్టమును కీర్తించు వాక్యములకు మాఱుగా ఆమె తిట్లు, ఆమె బేరములు, ఆమె పనులు వినబడును. మాటల సంఖ్యబట్టి చూచినచో అది మితభాషణము కాదు, గలగలలాడు భాషణము. ఉపదేశమును విడుచుటబట్టి చూచినచో పరమ మితము.

దామలచెరువులో ఉపాధ్యాయుడుగా జీవించిన మధురాంతకం రాజారాంగారిది (1930-1999) వేఱొక రీతి. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును పొందిన ఈ కథకుడు తీరికగా, అరుగుమీద కూర్చుండి చెప్పినట్లు చెప్పును. వాక్యములను పిసినారితనముతో ఖర్చుపెట్టడు. కాని పాత్రలపై తీర్పు చెప్పుటకు తొందరపడడు. మితత్వము మాటలయందు మాత్రమే కాక తీర్పునందును ఉండవచ్చునని ఆయన కథలవలన తెలియును. ఒకే జిల్లాలో ఇట్టి రెండు రీతులుండుట మనకు మేలు. కుఱుచ వాక్యమే మితత్వమని భ్రమపడువారికి ఇది సమాధానము.

కఱవుసీమ రచయితను ఒక ప్రలోభము వెంటాడుచుండును. కఱవును వర్ణింపవలెనను కోరిక అది. పగిలిన నేల, బక్కచిక్కిన పసులు, ఆకాశమును చూచు రైతు, వీనిని ఎన్ని కథలలో చూడలేదు? ఇవి అన్నియు నిజములే. కాని పదేపదే వాడుటచేత నాణెము అరిగినట్లు అరిగినవి. తరగతిలో పిల్లలచేత కథలు వ్రాయించునపుడు నేను ఈ విషయమును ఇట్లు చెప్పుదును: "ఊరిలో కఱవు వచ్చినది" అని వ్రాయవలదు, "బావి చేదతాటికి ఈ వేసవిలో మఱి రెండు బారల త్రాడు ముడివేసిరి" అని వ్రాయుము. మొదటి వాక్యము వార్త. రెండవదానిలో నీరు దిగిన లోతు కలదు, చేదువారి చేతుల నొప్పి కలదు, గత వేసవిలో త్రాడెంత యుండెనో ఆ జ్ఞాపకము కలదు. చదువరి ఆ త్రాటిని తానే లాగును.

అయితే అందఱును త్రాడును వ్రాయనారంభించినచో త్రాడును అరుగును. మితభాషణమును ఒక వేషముగా ధరించిన కథలు నేడు తక్కువ కాదు. ఊరి పేరు చెప్పరు, కులము చెప్పరు, జీతము చెప్పరు. రెండు పొడిమాటలు, కిటికీ, వాన, అంతము. ఇట్టివానిలో పాత్రకు పేరు లేకపోవుట లోతువలన కాదు, రచయితకు ఆ మనిషితో పరిచయము లేకపోవుటవలన. మన సంఘమునందు కులమును, ఆస్తిని, ఆడుదాని కూలిని చెప్పక దాటుట ఒక్కొక్కచోట నేర్పు, పెక్కుచోట్ల భయము. వేదన పడినవారి మాటను మింగివేసిన మౌనమునకు కళయని పేరుపెట్టుట న్యాయము కాదు.

కావున ఆక్షేపణచేసిన గృహస్థులకు నేను విన్నవించునది యిది. కథ ఏమియు చెప్పలేదని తోచినపుడు దానిని మరల ఒకసారి ఇంటిలో నలుగురు వినునట్లు బిగ్గఱగా చదువుడు. చదివిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనుడు. కథలో ఉన్న వస్తువులలో ఊరక పడియున్నదేది? అతి మంచి మాటలు ఎవరి నోట పెట్టబడినవి, వారు ఆ మాటలకు తగినవారేనా? కథ ముగియువఱకు నోరు విప్పని దెవరు? మొదటి రెండు ప్రశ్నలు కథకుని నేర్పును తెలుపును. మూడవది ఆతని న్యాయబుద్ధిని తెలుపును, ఒక్కొక్కపుడు మన న్యాయబుద్ధిని గూడ తెలుపును.

'దిద్దుబాటు'ను ఈ విధముగా చదివిన ఇంటిలో కమలిని నవ్వుతో చర్చ ముగియదు. గ్రుద్దు తిన్న రాముని గూర్చి ఆ యింటి పనివారు వినుచుండగా మాటలాడవలసి వచ్చును. పాడి ఇంటికి పోయిన స్త్రీ మఱునాడు ఏమి తినెనని పిల్లలెవరైన అడుగవచ్చును. కథలో సమాధానము లేని ఆ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన భారము చదివినవారిమీద నుండును.